నా పాస్‌వర్డు దొంగని ఎవరికి అప్పగించాలి?

2012కి ముందు లింక్డిన్‌లో చేరిన ప్రతి తెలుగు సాఫ్ట్‌వేరు ఇంజనీరుకీ ఈ కథతో చుట్టరికం ఉంది. హైదరాబాదులో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా సరే. ఆ ఏడాది లింక్డిన్‌కి కన్నం వేసినవాడు కట్టుకుపోయిన మూటలో మనందరి పాస్‌వర్డులూ ఉన్నాయి. నాదీ ఉంది. ఏ దొంగసొత్తులో ఎవరి మెయిల్ ఐడీ ఉందో చూపించే సైటొకటి ఉంది కదా, అందులో నా ఐడీ కొట్టి చూస్తే టక్కున లింక్డిన్ పేరు వచ్చింది. పాస్‌వర్డు ముందే మార్చేశాను కాబట్టి పోయిందేమీ లేదు. కానీ ఒళ్ళు మండదూ?

అంచేత ఆ పని చేశాడంటున్నవాడు దొరికాడని 2016లో చదివినప్పుడు నేను సంతోషించాను. ఒక రెండు వారాలు ఆ సంతోషం నిలిచింది. ఆ తర్వాత అతన్ని ఎవరికి అప్పగించాలన్న దాని మీద అమెరికా, రష్యా ఏడాదిన్నర పాటు చెయ్యి చెరోవైపు పట్టుకుని లాగటం మొదలెట్టాక, ఇది నా పాస్‌వర్డు గురించి జరుగుతున్న గొడవేనా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాని గురించే ఇదంతా.

ముందు దొంగతనం సంగతి చెప్పాలి, ఎందుకంటే మన వృత్తిలో వాళ్ళకి అదే ఆసక్తి. వీడు లింక్డిన్ గోడ పగలగొట్టలేదు. అక్కడ పనిచేసే ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటర్లోకి దూరి, ఆయన ఆఫీసుకి కనెక్టయ్యే వీపీఎన్ వివరాలు పట్టుకుని, ఆయన లాగానే లోపలికి నడుచుకుంటూ వెళ్ళాడు. దొడ్డిదారి కూడా కాదండీ, ఇంటివాళ్ళ తాళంచెవితో వీధి గుమ్మంలోంచే. లోపల పాస్‌వర్డులు షా-1 పద్ధతిలో హ్యాష్ చేసి ఉన్నాయి గానీ, సాల్ట్ కలపలేదు. (కంప్యూటర్ల గోల లేనివాళ్ళ కోసం: ఒకే పాస్‌వర్డు పెట్టుకున్న ఇద్దరికి తయారయ్యే గుర్తు ఒకటే అయితే, ఒకళ్ళది తెలిస్తే రెండోవాళ్ళదీ తెలిసిపోతుంది. అలా కాకుండా ఒక్కొక్కళ్ళకి వేరే వేరే అక్షరాలు కలిపి గుర్తు తయారుచెయ్యటమే సాల్ట్ వెయ్యటం.) ఉప్పు వెయ్యని ఆవకాయ ఎన్నాళ్ళు నిలవుంటుంది? అదే అయింది. 2012 జూన్‌లో సుమారు 65 లక్షల హ్యాష్‌లు ఒక రష్యన్ ఫోరంలో ప్రత్యక్షమయ్యాయి. అంతటితో పోయిందనుకున్నాం. 2016 మేలో చూస్తే, 11 కోట్ల 70 లక్షల మెయిల్ ఐడీలు పాస్‌వర్డులతో సహా అమ్మకానికొచ్చాయి. అందులో 123456 అని పెట్టుకున్నవాళ్ళే ఏడు లక్షలకి పైగా ఉన్నారు. మన వృత్తికి ఇంతకన్నా పరువు నష్టం ఇంకోటుండదు.

అదే 2012లో డ్రాప్‌బాక్స్, ఫార్మ్‌స్ప్రింగ్ కూడా పోయాయి. డ్రాప్‌బాక్స్‌లో పనిచేసే ఒకాయన పాస్‌వర్డు ఇంకో సైటు దొంగతనంలో బయటపడి, దాంతో లోపలికొచ్చారు. అక్కడ పోయిన 6 కోట్ల 80 లక్షల ఖాతాల సంగతి కూడా లోకానికి 2016లోనే తెలిసింది.

ఇక మనిషి. పేరు యెవ్గేనీ నికులిన్, మాస్కో వాడు, అప్పటికి 29 ఏళ్ళు. 2016 అక్టోబరు 5న చెక్ రాజధాని ప్రాగ్‌లో ఒక హోటల్ రెస్టారెంట్లో, స్నేహితురాలితో కూర్చుని ఉండగా పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఆ వీడియో కూడా వదిలారు. సినిమాల్లో లాగా తుపాకులు, పరుగులు ఏమీ లేవు. తర్వాత కుప్పకూలిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారట.

ప్రాగ్‌లోనే ఎందుకంటే, రష్యా రాజ్యాంగం 61వ అధికరణం ప్రకారం తన పౌరుణ్ణి ఇంకో దేశానికి అప్పగించటం కుదరదు. పైగా అమెరికాకీ రష్యాకీ నేరస్తుల అప్పగింత ఒప్పందమే లేదు. కాబట్టి అమెరికా వాళ్ళు కేసు తయారుచేసుకుని, వారెంటు చేతిలో పట్టుకుని, కొంగలా కూర్చుంటారు. చేప ఎప్పుడో ఒకప్పుడు సెలవులకి స్పెయిన్‌కో గ్రీసుకో చెక్‌కో మాల్దీవులకో వెళ్ళకపోతుందా అని. వెళ్తుంది కూడా. అన్ని డబ్బులు సంపాదించి మాస్కో చలిలో ఎవరు కూర్చుంటారు?

ఇక్కడి దాకా నాకే పేచీ లేదు. ఇక్కడ కేలెండరు మీద ఒక్కసారి వేలు పెట్టి చూడండి. అరెస్టు అక్టోబరు 5. అక్టోబరు 7న అమెరికా ప్రభుత్వం మొట్టమొదటిసారి అధికారికంగా, డెమొక్రాటిక్ పార్టీ మెయిళ్ళ దొంగతనం వెనక ఉన్నది రష్యా ప్రభుత్వమే అని ప్రకటించింది. అధ్యక్ష ఎన్నికలకి సరిగ్గా నెల ముందు. చెక్ పోలీసులు అరెస్టు సంగతి దాదాపు రెండు వారాలు బయటపెట్టలేదు. పెట్టగానే ప్రపంచమంతా అడిగిన మొదటి ప్రశ్న - ఆ మెయిళ్ళ దొంగ వీడేనా?

కాదు, ఇది లింక్డిన్ కేసు అని అమెరికా వాళ్ళు చెప్పారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దాఖలైన అభియోగపత్రంలో ఉన్నది కూడా లింక్డిన్, డ్రాప్‌బాక్స్, ఫార్మ్‌స్ప్రింగే. ఇంటర్‌పోల్ నోటీసు ఉంది, మనిషి తారసపడ్డాడు, పట్టుకున్నారు - నాకు తోచినంతలో ఆ తేదీల కలయిక కాకతాళీయమే. నాలుగేళ్ళ నాటి దొంగతనం మీద దర్యాప్తు ఎప్పట్నుంచో నడుస్తోంది. కానీ రాజకీయాల్లో కాకతాళీయాన్ని ఎవరూ నమ్మరు. కాకి వాలింది, తాటిపండు పడింది, ఇక ఆ కాకి ఎవరి మనిషి అని ఆరా తీస్తారు.

ఆరా తీసేవాళ్ళకి తోడు రష్యా దిగింది. మాకూ కావాలి వీడు అంది. ఎందుకయ్యా అంటే, 2009లో వెబ్‌మనీ అనే నెట్ పర్సులోంచి ఎవరివో కొద్ది వేల డాలర్లు కాజేశాడట. ఏడేళ్ళు గుర్తుకురాని ఆ కేసు, అమెరికా కేసు వేశాక గుర్తుకొచ్చింది! పదికోట్ల మంది పాస్‌వర్డుల ముందు ఒక పర్సు దొంగతనం. దీన్ని న్యాయం మీద తపన అనుకోవటానికి నాకు మనసొప్పలేదు. ఇదొక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. స్పాం మెయిళ్ళ సామ్రాజ్యం నడిపిన లెవషోవ్ 2017లో బార్సిలోనాలో దొరికినప్పుడూ రష్యా నాకిచ్చెయ్యమంది. అదే ఏడాది బిట్‌కాయిన్ ఎక్స్చేంజి వాడు విన్నిక్ గ్రీసులో దొరికినప్పుడూ అంతే. అంతకు ముందు ఇజ్రాయెల్‌లో దొరికిన బుర్కోవ్ విషయంలోనూ అంతే. దొరికిన ప్రతివాడి మీదా ఇంట్లో ఒక చిన్న కేసు రెడీగా ఉంటుంది. మన ఊళ్ళలో పలుకుబడి ఉన్నవాళ్ళ అబ్బాయిని పక్క ఊరి పోలీసులు పట్టుకెళ్తుంటే, లోకల్ స్టేషన్ వాళ్ళొచ్చి "వీడి మీద మా దగ్గర సైకిల్ దొంగతనం కేసుందండీ, ముందు మేం తీసుకెళ్ళాలి" అన్నట్టు.

అలాగని అమెరికా వైపు అంతా పాలూ నీళ్ళూ వేరుచేసి చూపించారా అంటే, అదీ లేదు. నికులిన్ జైల్లోంచి ఒక ఆరోపణ చేశాడు. ఎఫ్‌బీఐ మనిషి ప్రాగ్ వచ్చి తనతో మాట్లాడాడనీ, హిల్లరీ క్లింటన్ మెయిళ్ళు ట్రంప్ కోసం పుతిన్ ఆదేశం మీద నేనే దొంగిలించానని ఒప్పుకుంటే కేసులు కొట్టేసి, డబ్బిచ్చి, అమెరికా పౌరసత్వం ఇస్తామని ఆశపెట్టాడనీ. 2017లో ఇది పేపర్లకెక్కింది. మాస్కోకి ఇంతకంటే కావలసిందేముంది?

ఈ ఆరోపణ నేను ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు నమ్మబుద్ధి కాలేదు. అప్పగింత తప్పించుకోవాలంటే "నా మీద కేసు రాజకీయమైంది" అని నిరూపించుకోవటం పాత పద్ధతి, చాలా దేశాల చట్టాల్లో రాజకీయ నేరానికి అప్పగింత లేదు. అలాంటప్పుడు ఆ మాట అనటం వల్ల లాభం అతనికే. దానికి సాక్ష్యం ఏదీ బయటకి రాలేదు. పైగా 2018 జులైలో ఆ మెయిళ్ళ దొంగతనం మీద మ్యుల్లర్ దాఖలు చేసిన అభియోగపత్రంలో ఉన్నది రష్యన్ సైనిక గూఢచారి సంస్థ అధికారులు 12 మంది, నికులిన్ పేరు లేదు. సరే, నమ్మలేదు. కానీ నమ్మనివ్వకుండా చెయ్యటానికి అమెరికా వైపు నుంచి జరిగిన ప్రయత్నం కూడా ఏమీ కనబడలేదు. ఆ సమయంలో అమెరికాలో ఎవరు దొరికినా ఆ ఎన్నికల కథలో ఒక పాత్రగా మార్చేసే ఊపులో ఉన్నారు. ఇతగాడికి ఏదో తెలిసుంటుంది, అందుకే రష్యా అంత కంగారుపడుతోందని రాసినవాళ్ళకి కొదవ లేదు. తెలిసుంటుంది అన్నదానికీ సాక్ష్యం లేదు.

నేనూ మా టీంలో ఒకాయనా కేంటీన్‌లో దీని మీద చాలాసార్లు వాదించుకున్నాం. గుంటూరు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతాడు. "ఏంటి బాసూ నీ బాధ? వాడు దొంగా కాదా?" అనేవాడు. దొంగే అనుకుంటున్నానండీ అనేవాణ్ణి. "మరింకేం? దొంగని అమెరికా పట్టుకుంటే ఏంటి, అంటార్కిటికా పట్టుకుంటే ఏంటి. నీ పాస్‌వర్డు పట్టుకుపోయినవాడి మీద నీకు జాలేంటి?" జాలి కాదు. ఆయనకి నేను చెప్పలేకపోయింది కాస్త పొడుగ్గా ఇక్కడ చెప్తాను.

అప్పగింత కేసులో రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు కోర్టు. కోర్టు చూసేది మనిషి నేరం చేశాడా లేదా అని కాదు. అడిగిన దేశంలోనూ ఇక్కడా కూడా అది నేరమేనా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా, అక్కడికి పంపితే చిత్రహింసలో మరణశిక్షో ఉంటుందా - ఇలాంటివి. అంటే కోర్టు చెప్పేది "పంపొచ్చు" అని మాత్రమే. "పంపాలి" అనేది రెండో మెట్టు. అక్కడ కూర్చునేది మంత్రి. 2017 మే నెలాఖర్లో ప్రాగ్ కోర్టు భద్రత పేరుతో జైల్లోనే కూర్చుని విచారించి తేల్చిందేమిటంటే, ఇతన్ని అమెరికాకీ పంపొచ్చు, రష్యాకీ పంపొచ్చు. పై కోర్టు ఆ నవంబరులో అదే ఖాయం చేసింది. ఎటు పంపాలన్నది న్యాయశాఖ మంత్రి ఇష్టం!

చూశారా? ఇద్దరు అడుగుతున్నప్పుడు కోర్టు రెండు తలుపులూ తెరిచి పక్కకి తప్పుకుంటుంది. ఆ తర్వాత జరిగేది చట్టప్రకారమే అయినా, పూర్తిగా రాజకీయం. రాజకీయ జోక్యం జరిగిందా అని మనం అనుమానించక్కర్లేదు, జోక్యానికి చట్టమే కుర్చీ వేసి పెట్టింది. మన దేశమేదో గొప్ప అనుకోకండి. మన 1962 నాటి అప్పగింత చట్టం 30వ సెక్షన్ కూడా ఇదే చెప్తుంది: ఒకే మనిషిని రెండు దేశాలు అడిగితే కేంద్రప్రభుత్వం తనకి తగినదని తోచిన దేశానికి ఇవ్వచ్చు. రేపు ఏ గోవా బీచిలోనో ఇలాంటివాడే దొరికితే మన ఢిల్లీ కూడా అడకత్తెరలో పోకచెక్కే.

ప్రాగ్‌లో ఆ కుర్చీ చుట్టూ ఏం జరిగిందో చూడండి. న్యాయశాఖ మంత్రి రాబర్ట్ పెలికాన్. దేశాధ్యక్షుడు మిలోష్ జెమాన్, రష్యా పట్ల మొగ్గున్నవాడని పేరు. నికులిన్‌ని రష్యాకే ఇవ్వమని జెమాన్ తనని అడిగాడని పెలికానే బయటపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లట. అధ్యక్షుడికి చట్టప్రకారం ఇందులో ఏ పాత్రా లేదు. సరే, ఇది ఒక వైపు. రెండో వైపు, 2018 మార్చి 26న, ఇంగ్లండులో స్క్రిపాల్ మీద జరిగిన విషప్రయోగానికి నిరసనగా అమెరికా 60 మంది రష్యన్ అధికారులని వెళ్ళగొడితే చెక్ ప్రభుత్వం కూడా ముగ్గురిని వెళ్ళగొట్టింది. మర్నాడు అమెరికా ప్రతినిధుల సభ స్పీకరు పాల్ రయన్ ప్రాగ్‌లో దిగి, నికులిన్‌ని మాకే పంపాలి అని బహిరంగంగానే చెప్పాడు. 29వ తేదీ రాత్రి గుట్టుచప్పుడు కాకుండా నికులిన్‌ని విమానం ఎక్కించేశారు. తెల్లారేసరికి మనిషి లేడు. లాయర్లు గగ్గోలు పెట్టారు.

నాకిక్కడ ఇబ్బందేమిటంటే, ఫలితం నాకు కావలసిందే. పదికోట్ల మంది బాధితులున్న కేసు ఎక్కడుందో అక్కడికే వెళ్ళాలి, పర్సు కేసు కోసం మాస్కో వెళ్తే ఏమయ్యేదో ఊహించటం కష్టం కాదు. పెలికాన్ సరైన సంతకమే పెట్టాడనుకుంటాను. కానీ ఆ వారం సంఘటనల వరస చూసిన రష్యా పౌరుడు ఎవరైనా "ఇది న్యాయం కాదు, స్పీకరుగారి పర్యటనకి ఇచ్చిన తాంబూలం" అంటే, కాదని చూపించటానికి నా చేతిలో ఒక్క కాగితం లేదు. రయన్ రాకపోయినా అదే సంతకం పడేదా? పడేదేమో. జెమాన్ ఇంకాస్త గట్టిగా పట్టుబడితే? ప్రోగ్రాము సరైన జవాబే ఇచ్చింది గానీ ఎలా ఇచ్చిందో లాగ్ లేదు. అలాంటి కోడ్‌ని మనం రివ్యూలో పాస్ చేస్తామా? మా గుంటూరాయనకి ఈ పోలిక చెప్తే, "నీకన్నిట్లోనూ కోడే కనబడుతుంది" అని నవ్వి కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఈ రెండో మెట్టుని కొంచెం బాగుచేసిన దేశం ఒకటుంది. బ్రిటన్. అదీ ఇష్టపడి కాదు, గేరీ మెకినన్ దెబ్బకి. ఈ పేరు మనలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. లండన్‌లో కూర్చుని 2001, 2002లలో అమెరికా సైన్యం, నాసా కంప్యూటర్లు 97 తెరిచి చూశాడని అభియోగం. ఎందుకయ్యా అంటే, గ్రహాంతరవాసుల గురించి అమెరికా దాచిపెట్టిన రహస్యాల కోసం అన్నాడు! చాలా చోట్ల పాస్‌వర్డే లేదని కూడా అన్నాడు (నవ్వాలో ఏడవాలో). సైనిక కంప్యూటర్ల మీద జరిగిన అతి పెద్ద దాడి అని అమెరికా అంది. పదేళ్ళు సాగింది ఆ అప్పగింత గొడవ. 2008లో ప్రభువుల సభ కూడా పంపొచ్చనే తేల్చింది. ఆఖరికి 2012 అక్టోబరు 16న హోం మంత్రి థెరెసా మే, అతనికి యాస్పర్గర్స్ ఉందనీ, పంపితే ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఉందనీ చెప్పి, పంపనని ప్రకటించింది. రెండు నెలల తర్వాత బ్రిటన్‌లో కూడా అతని మీద కేసు పెట్టబోమన్నారు.

అక్కడా ఇదే అనుమానం, కాకపోతే తిరగేసి. అతని తల్లి ఏళ్ళ తరబడి ఊరేగింపులు తీసి, పత్రికలు ఉద్యమం నడిపి, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మద్దతిచ్చిన నాయకులు అధికారంలోకొచ్చాక జరిగిన నిర్ణయం అది. మెకినన్ తెల్లవాడు, బ్రిటిష్‌వాడు, అమాయకంగా కనిపించేవాడు కాబట్టి జాలి పుట్టింది, వేరే వాడైతే ఎప్పుడో విమానం ఎక్కించేవాళ్ళని అన్నవాళ్ళున్నారు. ఆ మాటలో నాకు నిజం కనబడింది. పంపకపోవటం మానవత్వమే, కాదనను. కానీ ఆ మానవత్వం ఒక మంత్రి పెన్నులోంచి రావటం వల్ల, రానివాళ్ళకి ఎందుకు రాలేదో ఎవరూ అడగలేరు.

థెరెసా మే ఆ రోజే ఇంకో మాట చెప్పింది, ఇకమీదట ఈ అధికారం మంత్రికి వద్దు, కోర్టుకే ఇస్తామని. 2013లో చట్టం మార్చారు. నేరం ఎక్కువ భాగం బ్రిటన్‌లోనే జరిగితే విచారణ ఇక్కడే జరగాలా అన్నది కూడా జడ్జి తేల్చేట్టు చేశారు. ఆ మార్పు వల్లే 2018 ఫిబ్రవరిలో లారీ లవ్ అనే ఇంకో హ్యాకరు అప్పగింతని హైకోర్టు ఆపింది. ఆ తీర్పు మీకు నచ్చచ్చు, నచ్చకపోవచ్చు, కానీ పేజీలకి పేజీలు కారణాలున్నాయి, చదివి తిట్టుకోవచ్చు. నేను అడిగేది ఆ తిట్టుకునే వీలు. ప్రాగ్ వ్యవహారంలో అది నాకు దొరకలేదు.

సరే, నికులిన్ శాన్‌ఫ్రాన్సిస్కో చేరాక ఏమైందంటారా... అనుకున్నంత మసాలా ఏమీ లేదు. తన లాయర్లతోనే మాట్లాడకపోతే మానసిక స్థితి పరీక్షలు చేయించారు, విచారణకి తగినవాడే అన్నారు. 2020 మార్చిలో విచారణ మొదలైన కొద్దిరోజులకే కరోనా వచ్చి ఆగిపోయింది. జులైలో మాస్కులు పెట్టుకుని మళ్ళీ మొదలెట్టి, 10వ తేదీన దోషి అన్నారు. సెప్టెంబరు 29న 88 నెలల శిక్ష. ప్రాసిక్యూషన్ అడిగిందేమో 145. అప్పటికే నాలుగేళ్ళు లోపలున్నాడు కాబట్టి మిగిలింది అంతగా లేదు. ఆ విచారణ లాగిన్లు, ఐపీ అడ్రసులు, వీపీఎన్ రికార్డులు, దొంగసొత్తు అమ్మకాల మీద నడిచింది. ఎన్నికల కథ నడవలేదు. ఏడాదిన్నర పాటు రెండు దేశాలు, ఒక అధ్యక్షుడు, ఒక స్పీకరు కొట్టుకున్నది ఈ లాగ్ ఫైళ్ళ కోసమా అనిపిస్తుంది.

కాదేమో అని నా అనుమానం. మనిషి కోసం కొట్టుకున్నారు, ఎందుకంటే మనిషి మారకంగా పనికొస్తాడు.

బుర్కోవ్ కథ చూడండి, ఇంతకన్నా పచ్చిగా ఉంటుంది. దొంగ క్రెడిట్ కార్డులు అమ్మే సైటు నడిపాడని 2015 డిసెంబరులో ఇజ్రాయెల్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. అమెరికా అడిగింది, రష్యా కూడా అడిగింది. 2019లో అమెరికాకి పంపటం దాదాపు ఖాయమైన వేళ, ఇండియా నుంచి ఇంటికెళ్తూ మాస్కోలో విమానం మారుతున్న ఒక ఇజ్రాయెలీ అమ్మాయి సామాన్లలో తొమ్మిదిన్నర గ్రాముల గంజాయి దొరికింది. దానికి అక్టోబరులో ఏడున్నరేళ్ళ శిక్ష! పేరు నామా ఇస్సాకర్. బుర్కోవ్‌ని మాకిస్తే ఆ అమ్మాయి సంగతి చూద్దామన్న సంకేతాలు వచ్చాయని ఇజ్రాయెల్లో అందరూ చెప్పుకున్నారు. ఇజ్రాయెల్ లొంగలేదు, నవంబరులో బుర్కోవ్‌ని అమెరికాకే పంపింది. 2020 జనవరిలో పుతిన్ ఆ అమ్మాయికి క్షమాభిక్ష పెట్టాడు, నెతన్యాహూ స్వయంగా మాస్కో వెళ్ళి తన విమానంలో తీసుకొచ్చాడు. అప్పటికి ఇజ్రాయెల్లో ఎన్నికలు ఇంకో నెలే. ఆ అమ్మాయి ఎవరి కార్డూ దొంగిలించలేదు, ఎవరి మెయిలూ చదవలేదు. ఇంతా చేస్తే బుర్కోవ్‌కి అమెరికాలో పడిన తొమ్మిదేళ్ళ శిక్ష పూర్తికాకుండానే 2021లో రష్యాకి తిరిగొచ్చాడు.

2023 జూన్‌లో, నికులిన్ కేసుతో పాటు నడిచిన ఫార్మ్‌స్ప్రింగ్ వ్యవహారంలో అమెరికా వెతుకుతున్న ఇంకో రష్యన్ కజకిస్తాన్‌లో దొరికాడు. ఎంత సేపు పట్టిందనుకుంటున్నారు? రష్యా కూడా ఒక కేసు పెట్టి మాకే ఇవ్వమంది. మా గుంటూరాయనకి వార్త పంపితే "సైకిల్ దొంగతనం" అని జవాబిచ్చాడు. గుర్తుంచుకున్నాడన్నమాట.

ఇక మాల్దీవుల్లో 2014లో దొరికిన రోమన్ సెలెజ్నెవ్. అతనిదైతే అప్పగింత కూడా కాదు. మాల్దీవులకీ అమెరికాకీ ఆ ఒప్పందమే లేదు, విమానాశ్రయంలో పట్టుకుని నేరుగా గువాం తీసుకెళ్ళిపోయారు. కిడ్నాప్ అంది రష్యా, అతని తండ్రి అక్కడి పార్లమెంటు సభ్యుడు. పద్ధతి సంగతి అడిగితే నాకు రష్యా మాటలో తప్పు కనబడదు. చేసిన పని సంగతి అడిగితే వందల కొద్దీ చిన్న వ్యాపారాల బిల్లింగ్ కంప్యూటర్లలోకి దూరి, కార్డుల నంబర్లు లాగి అమ్మాడు. వాటిలో చాలా మట్టుకు పిజ్జా కొట్లు, చిన్న హోటళ్ళు. నష్టం 16 కోట్ల 90 లక్షల డాలర్లని కోర్టులో చెప్పారు. 2017లో 27 ఏళ్ళ శిక్ష వేశారు, హ్యాకింగుకి అమెరికాలో అప్పటిదాకా పడిన శిక్షల్లో అదే పెద్దది.

2024 ఆగస్టు 1న అమెరికా, రష్యా ఖైదీలని మార్చుకున్నాయి. పత్రికా విలేఖరి ఇవాన్ గెర్ష్‌కోవిచ్ లాంటివాళ్ళు ఇటు వచ్చారు, రావాలి కూడా. అటు వెళ్ళినవాళ్ళలో సెలెజ్నెవ్ ఉన్నాడు, స్విట్జర్లాండులో దొరికి అమెరికాకి అప్పగింతైన క్ల్యూషిన్ అనే ఇంకో హ్యాకింగు కేసు మనిషీ ఉన్నాడు. మాస్కో విమానాశ్రయంలో పుతిన్ స్వయంగా ఎదురెళ్ళి ఆహ్వానం పలికాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో విన్నిక్ కూడా అలాగే, మార్క్ ఫోగెల్ అనే అమెరికన్ టీచరుకి బదులుగా ఇల్లు చేరాడు. గ్రీసు, ఫ్రాన్సు, మళ్ళీ గ్రీసు, అమెరికా - ఇన్ని కోర్టులు, ఇన్ని ఏళ్ళు తిరిగాక.

నాలుగు దేశాల జడ్జీలు కాగితాలు తిప్పి తిప్పి రాసిన తీర్పులు ఒక టార్మాక్ మీద లెక్కకి లెక్క సరిపోయాయి. సియాటెల్ చుట్టుపక్కల పిజ్జా కొట్లవాళ్ళని ఎవరైనా అడిగారేమో అని వెతికాను. అలాంటి వార్త నాకు కనబడలేదు.